ముదరని గులాబి ఆకు

మా సిరోంచలో ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా టీవీ పక్కన గులాబి ఆకుల మొక్క ఒకటి కనిపిస్తుంది. పువ్వు కాదు, ఆకే గులాబి. మొదట్లో ప్లాస్టిక్‌దేమోనని గిల్లి చూసినవాళ్లే ఇప్పుడు రకరకాలు పెంచుతున్నారు. గోదావరి వంతెన దాటి మొక్కల బండి వస్తే మా వీధి ఆడవాళ్లు మల్లెను, మందారాన్ని కన్నెత్తి చూడరు. గులాబివి ఏమున్నాయని బండి మీద పడతారు. మర్నాడు అందరి ఫోన్లలో స్టేటస్ ఆ ఆకులే. సాయంత్రం ఒకరింటికి ఒకరు వెళ్లి చూసి, కొమ్మలు తుంచి ఇచ్చి పుచ్చుకుంటారు. ఇదేం పిచ్చి అని నవ్విన నేనూ కిటికీలోంచి బండివాణ్ణి పిలిచి ఒకటి కొన్నాను. పొద్దస్తమానం ఇంట్లో పడి ఉండేదాన్ని, చూసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

పడి ఉండడం మా అత్త వల్ల. ఆమె కాపురమంతా దగ్గర్లోని బామ్ని పల్లెలోనే. ఏటా ఎండాకాలం అడవికి పోయి, బీడీలు చుట్టే తునికాకు తెంపి, కట్టలు కట్టి, ఆకు కొనే కల్లంలో అమ్మేది. పిల్లల్ని అలాగే చదివించింది. ముసలితనంలో మతిమరుపు పట్టుకుంటే మా దగ్గరికి తెచ్చుకున్నాం. పోయిన ఎండాకాలం ఎవరికీ చెప్పకుండా ఆకు కోసమని బయలుదేరింది. బామ్ని రోడ్డు మీద సొమ్మసిల్లి పడి ఉంటే ట్రాక్టరాయన ఎవరో తెచ్చి దించాడు. అరికాళ్ల నిండా బొబ్బలు. అప్పటినుంచి వీధి తలుపుకు లోపలినుంచి తాళం.

మా ఆయన పొద్దున్నే బస్సెక్కి అహేరికి ఉద్యోగానికి పోతాడు. పోతూ పోతూ జర జాగ్రత్త అని ఒక మాట పారేస్తాడు. ఆడబిడ్డ ఫోన్లో ఏడుస్తుంది గానీ రాదు. బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పే నేను ఆ పని మానేసి, తాళంచెవి కొంగున కట్టుకుని కూర్చున్నాను. తాళం ఆమెకని అందరూ అంటారు, లోపల ఉన్నది ఇద్దరం. కోపం రాదా? వచ్చింది, కడుపు మండిపోయేంత వచ్చింది. గిన్నెల మీద చూపించాను.

ఈ ఏడు ఎండలు ముదరగానే మళ్లీ మొదలైంది. లేవగానే తెంపిన ఆకు వేసుకునే గుడ్డ నడుముకు కట్టుకుని తలుపు దగ్గర నిలబడుతుంది. ఊరంతా అడవికి పోయింది, ఆకు అయిపోతుంది, తలుపు తియ్యమని ఒకటే గోల. నీకు ఓపిక లేదత్తా అంటే వినదు. ఒకరోజు తలుపు బాది బాది చెయ్యి వాచిపోయింది. నేను ఏం చేయాలో తోచక కింద కూలబడ్డాను. అప్పుడు ఆమె చూపు నా మొక్క మీద పడింది. దగ్గరికి వెళ్లి ఒక ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి చూసింది.

"ఇంక లేతగున్నది," అంది.

తునికి చిగురు ఎర్రగా వస్తుంది. ఆ రంగు పోయి పచ్చబడేదాకా తెంపేవాళ్లు ముట్టరు, లేతాకు తెస్తే కల్లంలో తీసుకోరు. కొడుకు పేరు మరిచిపోయిన మనిషి ఇది మరవలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అవునత్తా లేతదే, ముదరనీ, ముదిరినంక ఇద్దరం పోదాం అన్నాను. ఆమె గుడ్డ విప్పి మూలన పెట్టి, వచ్చి అన్నం తింది.

ఇక రోజూ అదే. లేవడం, ఆకు పట్టి చూడడం, ఇంకా లేతదేనని నిట్టూర్చి మంచం మీద కూర్చోవడం. పక్కింటామె కిటికీ దగ్గర నిలబడి తన మొక్క గొప్పలు చెబుతుంటే, నా మొక్క చేసే పని నీది చేస్తుందా తల్లీ అని లోలోపల అనుకునేదాన్ని.

అయితే ఆ మొక్కకు వెలుతురు కావాలట. కొన్నప్పుడు ఎవరు చెప్పారు కనుక? వడగాలికి కిటికీలన్నీ మూసి, తడి గోనెసంచులు వేలాడదీసి చీకట్లో బతుకుతున్నాం. కొత్తాకులు పచ్చగా రాసాగాయి. పాతవాటిలోనూ గులాబి వెలిసిపోయింది. వెలుతురులో పెట్టమని పక్కింటామె సలహా. కిటికీ తీస్తే వడగాలి, తలుపు తీస్తే అత్త, నేనెక్కడ పెట్టను? కొత్తది కొని దాని చోట పెడదామంటే, ఆ ఎండలకు మొక్కల బండి రావడమే మానేసింది.

ఒక పొద్దున ఆమె ఆకును పట్టుకుని చాలాసేపు చూసింది.

"ముదిరింది బిడ్డా. ఇగ తాళం తియ్యి. పోదామన్నవ్ గదా."

ఆమె గొంతులో గొడవ లేదు. నా మాట నమ్మి ఇన్నాళ్లూ ఆగిన మనిషి అడిగినట్టు అడిగింది. అరిచినా బాగుండేది. ఏదైతే అదైంది, వీధి చివరిదాకా నడిపించి తీసుకొద్దామని తాళం తీశాను. చెప్పులేసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

గడప దాటి ఎండ మొహాన పడగానే ఆమె ఆగిపోయింది. వీధికేసి చూసింది, తన కాళ్లకేసి చూసుకుంది. నా చెయ్యి విడిపించుకుని నా చెంపలు తుడిచింది. ఏడుస్తున్నానని అప్పటిదాకా నాకే తెలియదు.

"నాతోని గాదు. నువ్వు పోయిరా బిడ్డా. ఎన్ని దినాలాయె, ఇంట్లనే పడి ఉన్నవ్. ఇల్లు నేను జూస్కుంట."

పోయిరా అనే మాట మా ఆయన నోట రాలేదు, ఆడబిడ్డ నోట రాలేదు. అన్నది ఈమె ఒక్కతే. ఈమెను ఒక్కదాన్ని వదిలి నేనెక్కడికి పోను? చెప్పులు విడిచి, ఆమెను లోపలికి తీసుకెళ్లి తాళం వేశాను.