ఏసోబు వయసు చెప్పినామె

నేను ప్రొబేషన్ ఆఫీసరుగా రిటైరయ్యాను. కాగితం చూపించనిదే సొంత తమ్ముడి మాట కూడా నమ్మనని ఇంట్లో ఎగతాళి చేసేవారు. దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట. అందుకే ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల చివర తెనాలిలో పనిచేస్తున్నాను. భట్టిప్రోలు కుర్రాడు ఏసోబు, ఆయిలింజను దొంగతనం కేసులో ముగ్గురు పెద్దవాళ్లతో పాటు దొరికాడు. పదహారు నిండకపోతే బాలల కోర్టు. అక్కడ బోను, బేడీలు ఉండవు. పోలీసులు మామూలు బట్టల్లో వస్తారు. జడ్జిగారు మందలించి ఇంటికి పంపే వీలుంటుంది. నిండితే మాత్రం ఆ ముగ్గురితో సబ్ జైలే.

బడి రిజిస్టరు ప్రకారం పదహారు నిండి నెలయింది. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి మేష్టారు ఏడాది కలిపి రాశారని వాడి నాయనమ్మ మొత్తుకుంది. మా వైపు అది మామూలే, కానీ రుజువు కావాలి. తండ్రి లేడని చెప్పారు. తల్లి గురించి నేను అడగలేదు.

రేపల్లె దగ్గర వాళ్ల చర్చిలో బాప్తిస్మాల పుస్తకం వెతికాను. వాడి పేరు లేదు. పట్టపగలు, మెట్ల మీద ఉసూరుమంటూ చెప్పులేసుకుంటుంటే ఒకామె వచ్చింది. ఆకుపచ్చ నేతచీర, కుడిచేతికి మాత్రమే గాజులు.

"ఏసోబు తల్లినండి. ఇక్కడేం దొరుకుద్దండి? తొలికాన్పుకి పుట్టింటికెళ్లాను గదండీ. బాపట్లలో మా అమ్మోళ్ల చర్చిలోనే బాప్తిస్మం ఇప్పించారండి."

నన్ను నేనే తిట్టుకున్నాను. తొలికాన్పు పుట్టింట్లోనని ఎవరికి తెలియదు! డైరీలో రాసుకుని తలెత్తేసరికి ఆమె లేదు.

బాపట్ల పుస్తకంలో ఏసోబు పేరు దొరికింది. అందులోని పుట్టినతేదీ లెక్కన వాడికి పదిహేనేళ్ల ఒక నెల. నా రిపోర్టులో, సమాచారం ఇచ్చినవారు అన్నచోట 'తల్లి' అని రాసి సంతకం పెట్టాను. జడ్జిగారు వాణ్ని నాయనమ్మకు అప్పగించారు.

బయటికొచ్చాక ముసలమ్మతో, "మీ కోడలు చెప్పబట్టి గట్టెక్కాం" అన్నాను.

"ఏ కోడలు బాబూ? వీడు పాలు మరవకముందే పోయింది గదా."

నేను చూసినామె గురించి చెప్పాను. గాజుల సంగతి వినగానే ముసలమ్మ తన ఎడంచెయ్యి తడుముకుంది.

"పిల్లోణ్ని ఎత్తుకుంటే గుచ్చుకుంటాయని ఎడంచేతికి ఏసుకునేది కాదండి."

తర్వాత చర్చిలో వాకబు చేశాను. అలాంటి మనిషిని ఎవరూ చూడలేదన్నారు. ఎవరైనా బంధువు తల్లినని అబద్ధమాడిందేమో అనుకుని సర్దిచెప్పుకుంటాను. గాజులు గుర్తొస్తే అదీ నిలవదు.

ఆ రోజు కోర్టు బయట, నాయనమ్మ మాటలు విన్న ఏసోబు నా చొక్కా పట్టుకున్నాడు. "మా అమ్మ ఎట్టా ఉందండి? మా ఇంట్లో ఫోటో లేదండి."

చీర చెప్పాను. గాజులు చెప్పాను. వాడు ఇంకా నా వంకే చూస్తున్నాడు. ఆమె ముఖం ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ రాదు.