వెచ్చని చేతులు

ఎవరినైనా ముట్టుకునే ముందు ఆవిడ అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకునేది. ఎనభైల మొదట్లో, ఉత్తరాదిన ఉక్కు ఫ్యాక్టరీ బస్తీ బారిడీహ్‌లో మా తెలుగు ఆడవాళ్ళకి ఆ మర్యాదే నచ్చింది. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ఏదో వైరస్ వల్ల వస్తుందేమోనని పరిశోధన చేసే సైంటిస్టు ఆవిడ. నెలనెలా వచ్చి, దూది చుట్టిన పుల్లతో లోపల తుడిచి, సీసాలో పెట్టుకుపోయేది. ఆ తుడవడమే వైద్యమనుకున్నారు మావాళ్ళు. ఇంటికెళ్ళి, రోగం వదిలిందని తలంటుకునేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ముట్లుడిగిన మా అమ్మకి మళ్ళీ రక్తం కనిపించింది. ఆస్పత్రికి పోదామంటే వినలేదు.

"డాక్టరమ్మ తుడుత్తంది కదే, ఇంకేటి కావాల?"

చివరికి తీసుకెళ్తే, క్యాన్సర్ ముదిరిపోయిందన్నారు. నేను ఆ సైంటిస్టుని నిలదీశాను.

"మీకు ముందే తెలుసా?"

"మొదటిసారే అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"వైద్యం మొదలైతే నమూనా పనికిరాదమ్మా. అయినా, వైద్యం చేస్తానని నేనెప్పుడైనా అన్నానా?"

అనలేదు. అదే నాకు ఇప్పటికీ మండుతుంది.

అమ్మ పోయిన రోజు ఆవిడ వచ్చింది. శవం కాళ్ళు తాకబోతూ, అలవాటుగా అరచేతులు రుద్దుకుంది. ఆ చేతులు పట్టుకుని గుమ్మం దాటించాను.

వెచ్చగానే ఉన్నాయి.