వెనక్కి జరిపిన ఒడ్డు

బాంగ్ సొహి ఆరేళ్లుగా సియోల్‌లో ఓ చిన్న గేముల కంపెనీలో పనిచేస్తోంది. కొత్త ఆటలో ఒక తెప్ప ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తిరుగుతూ ఉండాలి. అది తిరిగిన ప్రతిసారీ వెంట్రుకవాసి అవతలికి జరుగుతూ, అరగంటకల్లా ఒడ్డు మట్టిలోకి దూరిపోతోంది.

"కోడులో ఒక్క లైను మారిస్తే చాలు సార్," అంది టీమ్ లీడరు పియోతో.

"నువ్వు బళ్లో అఆలు దిద్దుకునేటప్పుడు నేను రాసిన కోడు తల్లీ అది! దాని జోలికెళ్లకు. ఒడ్డునే వెనక్కి జరుపు."

పైవాడి కోడుకి వంక పెట్టే మొనగాడు ఆ ఆఫీసులో ఇంకా పుట్టలేదు. సొహి ఒడ్డునే వెనక్కి జరిపింది.

ఆట విడుదలైంది. తెప్ప మీంచి గెంతితే ఒడ్డు అందక ఏట్లో పడుతున్నామని ఆడేవాళ్లు దుమ్మెత్తిపోశారు.

"ఒడ్డు జరిపిందెవరు?" మీటింగులో అందరి ముందూ గద్దించాడు పియో.

సొహి లేచి, క్షమాపణగా నడుం దాకా వంగింది.

"నేనే సార్. తప్పయిపోయింది."