కరక్ చాయ్‌లో నానిన రుస్ చరిత్ర

ముందే చెబుతున్నాను, ఇది టీ తాగుతూ చదవకండి. తాగక తప్పదంటే కప్పును కాగితాలకు దూరంగా పెట్టుకోండి. తొమ్మిది వందల ఏళ్లుగా మంటలనూ యుద్ధాలనూ తట్టుకుని నిలిచిన ఒక చరిత్ర గ్రంథాన్ని నేను మస్కట్‌లో, ఘుబ్రాలోని ఒక స్కూలు హాల్లో, ఒక్క ఫ్లాస్కు టీతో మట్టుపెట్టాను. అసలు గ్రంథాన్ని కాదులెండి, దాని నమూనాని. కానీ ఆ రోజు నా మొహం చూసినవాళ్లు అసలుదే తగలబెట్టి వచ్చాననుకుని ఉంటారు.

కొన్నేళ్ల కిందటి మాట. నాకు పెళ్లై ఏడాది. మా ఆయన రాజేశం అల్ అమెరాత్‌లో ఒక సైట్ మీద సూపర్‌వైజరు. నేను హిస్టరీలో ఎం.ఏ. ఈ ఎం.ఏ. సంగతి అప్పట్లో ఎవరూ అడగకపోయినా చెప్పేదాన్ని. కూరగాయల కొట్లో బంగాళాదుంపలు ఏరుతూ కూడా చెప్పాను. కొట్టు బంగ్లాదేశీ "అచ్ఛా, అచ్ఛా" అని ఒక నిమ్మకాయ కొసరు వేశాడు. నా చదువుకు మస్కట్‌లో దక్కిన మొదటి గౌరవం అదే.

ఉద్యోగం లేదు కాబట్టి ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పేదాన్ని. మా వీధిలోని ఇండియన్ స్కూల్లో సోషల్ టీచర్ పోస్టు ఖాళీ అయిందని తెలిసినప్పటి నుంచి ఆ స్కూలు గేటు ముందు నడిచేటప్పుడు కాస్త మెల్లగా, కాస్త మేధావిలా నడిచేదాన్ని.

అలాంటి రోజుల్లో నాగవేణి అక్క తన కూతురు సింధును తీసుకొచ్చింది. వాళ్లది పొద్దుటూరు. అక్క ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తుంది, భర్త డ్రైవరు. సింధు ఆ ఏడాదే ఊరి నుంచి వచ్చి అదే స్కూల్లో ఎనిమిదో క్లాసులో చేరింది. మొదటి వారంలోనే ఇంగ్లిష్ పాఠం పైకి చదివితే క్లాసంతా నవ్వింది. ఆ రోజు మూసిన నోరు ఆ పిల్ల మళ్లీ తెరవలేదు.

"ఇంట్లో వసపిట్ట మాదిరి మాట్లాడ్తాది టీచరమ్మా," అంది అక్క. "స్కూల్లో మాత్రం నోరే తెరవదు. వాళ్ల నాయన 'ఈయేడు గూడా ఇట్లే ఉంటే పొద్దుటూరికి పంపిచ్చి హాస్టల్లో ఏస్తా' అంటాండాడు. ఇప్పుడేందో ఎగ్జిబిషన్ అంట. అదే చెయ్యెత్తి పేరిచ్చొచ్చింది. ప్రైజు గీజు వద్దు. నలుగురి ముందర నోరు తెరిస్తే అదే సాలు."

నేను అభయహస్తం ఎత్తాను. "నాకొదిలెయ్ అక్కా. నేను ఎం.ఏ.!"

ప్రపంచ దేశాల తొలి చరిత్ర గ్రంథాల మీద ఆ ఎగ్జిబిషన్. చీటీలు తీస్తే సింధుకు పాత రుస్ రాజ్యం వచ్చింది.

"ఆంటీ, రుస్ అంటే రష్యానా?"

"అంతేగా మరి! నా ఎం.ఏ.లో సగం అదే," అన్నాను. నా ఎం.ఏ.లో రుస్ అనే మాట ఒక్క పేజీలో కూడా లేదు. తా దూర సందు లేదు మెడకో డోలన్నారు. నేను డోలుతో పాటు సన్నాయి కూడా తగిలించుకున్నాను. ఆ పిల్ల అటు వెళ్లగానే ఫోను తీసి చదవడం మొదలుపెట్టాను. ఇప్పటి రష్యా, ఉక్రెయిన్, బెలారుస్ ఇంకా పుట్టకముందు, కీవ్ రాజధానిగా ఉన్న రాజ్యం పేరు రుస్ అని అప్పుడే తెలిసింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. చదివేకొద్దీ నాకూ పిచ్చి పట్టింది. రుస్ తొలి చరిత్ర గ్రంథానికి మూల ప్రతి లేదు. కీవ్‌లో గుహల్లో వెలసిన మఠంలో ఒక సన్యాసి రాశాడని ప్రతీతి. కాదు, అంతకుముందే ఉన్న రాతలను చాలామంది చేరి ఒకటిగా కూర్చారని పండితుల మాట. మనకు మిగిలిన వాటిలో అన్నిటికన్నా పాత నకలు కూడా రెండున్నర శతాబ్దాల తర్వాత ఇంకెవరో సన్యాసి రాసుకున్నది. ఇంకో మఠంలో దొరికిన మరో నకలు కొన్నిచోట్ల దాంతో ఏకీభవించదు. ఆ గ్రంథంలో తొలి రాజుల కథ కూడా ఉంది. అక్కడి జనం తమలో తాము కొట్టుకుని, విసిగిపోయి, సముద్రం అవతల నుంచి రాజులను రమ్మని కబురు పెట్టారట. అది చదివి వినిపిస్తే మా ఆయన అన్నం కలపడం ఆపాడు.

"కొట్లాడుకొని బయటోన్ని పిలిసి సర్పంచ్‌ను జేసుకున్నరా? మా ఊరే నయమే! కొట్లాడుకుంటం గని, బయటోన్నైతె రానియ్యం."

సింధుకు మాత్రం రాజుల మీద మనసు పోలేదు. పాత నకలు రాసిన సన్యాసి మీద పోయింది. ఆయన రాత ముగించి, చివర్లో చదివేవాళ్లను వేడుకున్నాడు: ఎక్కడైనా తప్పు రాసి ఉంటే దిద్దుకుని చదవండి, తిట్టకండి అని.

"ఆయనకు గూడా నా మాదిరే బయం, ఆంటీ," అంది సింధు. ఆ వారంలో ఆ పిల్ల నాతో ఆడిన అతి పొడుగు మాట అదే. ఇంకోటి కూడా అడిగింది. ఆ గ్రంథం చివర్లోనే వేరే మఠం పెద్ద ఒకాయన 'దీన్ని నేను రాశాను' అని పేరు పెట్టుకున్నాడు. ఆయన రాశాడా, సవరించాడా, ఉత్త నకలు తీశాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. "రాయకపోతే పేరెందుకు పెట్టుకున్న్యాడు ఆంటీ?"

"పేరు పిచ్చి, సింధూ," అన్నాను, జాలిగా తల ఊపుతూ. "కొందరికి ఆ జబ్బుంటుంది." ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనే మర్చిపోయాను.

సింధు రోజూ సాయంత్రం వచ్చి మందపాటి కాగితాల మీద, నీటికి చెదరని నల్ల సిరాతో ఆ పాత లిపి అక్షరాలను ఫోన్లో చూస్తూ దించింది. పేరా మొదట్లో ఎర్ర అక్షరం, పక్కన ఇంగ్లిష్ అర్థం. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, ముత్యాలు గుచ్చినట్టు రాసింది. నేను పక్కన కూర్చుని పల్లీలు తిన్నాను.

ఎగ్జిబిషన్ ముందు రోజు నా మేధస్సు నిద్ర లేచింది. "ఇంత తెల్లటి కాగితం పాత గ్రంథంలా ఉందా? అప్పట్లో తోలు మీద రాసేవాళ్లు. దీనికి టీ పట్టించాలి!" వంటింట్లో చూస్తే టీ పొడి డబ్బా ఖాళీ. రాజేశానికి ఫోన్ చేశాను. ఆయన డ్యూటీ నుంచి వస్తూ దారిలోని హోటల్ నుంచి ఒక ఫ్లాస్కు నిండా కరక్ చాయ్ తెచ్చాడు. ఇక్కడ అందరూ తాగేది అదే. డబ్బా పాలు, యాలకులు, చెంచా నిలబడేంత చక్కెర.

మూత తీసి చూస్తే, అచ్చం తోలు రంగు! "చూశావా సింధూ, పాలు ఉన్నాయి కాబట్టి మీగడ వల్ల తోలుకుండే నిగనిగ కూడా వస్తుంది," అన్నాను. ఎం.ఏ. చదవనివాళ్లకు ఈ ఊహ రాదు, నిజం.

సింధు బ్రష్ పట్టుకుని ఆగింది. "ఆంటీ, దీంట్లో చక్కెర..."

"నువ్వు మాట్లాడకు సింధూ. ఆంటీకి తెలుసు."

ఆ పిల్ల నోరు మూసుకుంది. ఏ నోరు తెరిపించమని వాళ్లమ్మ నా చేతుల్లో పెట్టిందో ఆ నోరు. నేనైతే హాయిగా బ్రష్ ముంచాను.

రాజేశం లుంగీ కట్టుకుని వచ్చి చూశాడు. "ఏందే గిది? కాయిదాలకు చాయ్ తాపుతున్నవా? నాకొక కప్పన్న ఉంచినవా?"

హెయిర్ డ్రయ్యర్‌తో పైపైన ఆరబెట్టి, దారంతో కుట్టాం. సింధు ఇంటికెళ్లాక నేను ఆఖరి పేజీ తిప్పాను. ఖాళీగా ఉంది. రేపు ప్రిన్సిపాల్ మేడమ్ చూస్తుంది. పోస్టు ఖాళీగా ఉంది. రాజేశం సైట్ మీద గోడలకు గుర్తులు పెట్టే మార్కర్ బల్ల మీదే ఉంది. ఆ పేజీ మీద ఒక ముక్క రాసి, గ్రంథాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, స్కూలు హాల్లో అప్పగించి వచ్చాను. ముందు రోజే ఇవ్వాలని వాళ్ల రూలు.

శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. మస్కట్ చీమలకు ఆజ్ఞ అక్కర్లేదు, కరక్ చాలు.

మర్నాడు నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను. నాగవేణి అక్క పనిచేసే ఇంట్లో ఒక గంట సెలవడిగి వచ్చింది. సింధు బల్ల వెనుక నిలబడి పెదాలతో పాఠం వల్లిస్తోంది. ప్రిన్సిపాల్ మేడమ్‌తో పాటు జడ్జిగా ఒక పెద్దాయన వచ్చారు. రాజమండ్రి వైపు ఆయన, చరిత్ర ప్రొఫెసర్‌గా రిటైరై ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు.

కవరు తీయగానే హాల్లోకి యాలకుల వాసన వచ్చింది. మేడమ్ ముక్కు ఎగబీల్చి అటూ ఇటూ చూసింది. ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు సవరించుకుని వంగారు.

"అబ్బ, ఏం రాశావమ్మా! అచ్చం పాత లిపేనండీ. ఈ వరసొక్కటీ కొంచెం వంకర పోయినట్టుంది..." ఆగారు. ఇంకా వంగారు. "ఏవండోయ్! ఈ అక్షరం నడుస్తోందండీ!"

నడుస్తోంది. ఒక్క అక్షరం కాదు. వాక్యాలకు వాక్యాలే నడుస్తున్నాయి. నల్ల సిరా ఏదో నల్ల చీమ ఏదో తెలియడం లేదు. ఒక రాజు పేరు అంచు దాకా వచ్చి బల్ల మీదికి దిగిపోయింది. మేడమ్ రెండడుగులు వెనక్కి వేసింది. నేను ధైర్యంగా పేజీ తిప్పబోయాను. పాలూ చక్కెరా కలిసి అన్ని పేజీలనూ ఒకే అట్టగా అతికించేశాయి. లాగాను. రుస్ రాజ్యం నిలువునా చిరిగింది.

పక్క బల్లల పిల్లలు కిసుక్కుమన్నారు. సింధు మొహంలో రక్తం లేదు. పెదాల మీద పాఠం ఆగిపోయింది. వాళ్లమ్మ చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.

"ఇలా ఎందుకైందండీ?" అడిగారు ప్రొఫెసర్ గారు, నన్ను చూసి.

ఇప్పటిదాకా నవ్వించడానికి రాశాను. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. మేడమ్ నన్నే చూస్తోంది. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "పిల్లలు కదా సార్. ఎంత చెప్పినా వినరు."

సింధు తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లంతా చీమలు పాకినట్టే ఉంటుంది.

ప్రొఫెసర్ గారు ఆ అట్టను జాగ్రత్తగా వెనక్కి తిప్పారు. ఆఖరి పేజీ శుభ్రంగా ఉంది. మార్కర్ ఘాటుకు ఒక్క చీమా అటు రాలేదు. ఆయన గొంతెత్తి చదివారు: "రచన, రూపకల్పన, పర్యవేక్షణ: గుండేటి లావణ్య, ఎం.ఏ. హిస్టరీ." కళ్లద్దాల మీదుగా చూశారు. "రచన కూడానా అండీ? తొమ్మిది వందల ఏళ్ల కిందట ఎక్కడుండేవారు, లావణ్య గారూ?"

నా పట్టుచీరలోంచి నేను మాయమైపోతే బావుండుననిపించింది.

ఆయన సింధు వైపు తిరిగారు. "ఈ వాసన కరక్ చాయ్‌దే కదా. టీలో చక్కెర ఉందని నీకు తెలీదా అమ్మా?"

అందరూ చూస్తున్నారు. అక్క కళ్లు మూసుకుంది.

"తెల్సు సార్," అంది సింధు. "చెప్పబోయినా. ఆంటీ మాట్లాడొద్దన్న్యది."

హాల్లో తెలుగు తెలిసినవాళ్లంతా గొల్లుమన్నారు. ఈసారి నవ్వు ఆ పిల్ల మీద కాదు, నా మీద. సింధు కూడా ఆ తేడా గమనించినట్టుంది. చెయ్యి ఆఖరి పేజీ మీద పెట్టి, ఆగకుండా అందుకుంది.

"చివర్లో ఇట్ల పేరు పెట్టుకుండేది మా ఆంటీ ఒక్కతే గాదు సార్. అప్పుట్లో ఒక మఠం పెద్ద గూడా పెట్టుకున్న్యాడు. ఆయనే రాసినాడో లేదో ఇప్పుటికీ తెల్దు..."

ఇక ఆగలేదు. మూల ప్రతి పోవడం, గుహల మఠం, ఒకదానితో ఒకటి పొసగని నకళ్లు, అన్నీ చెప్పింది. మేడమ్ కోసం మధ్యలో ఇంగ్లిష్‌లోకి దూకింది. తప్పులు పోయాయి, అయినా ఆగలేదు. ప్రొఫెసర్ గారు పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని కూర్చున్నారు. చివరికి తనకిష్టమైన సన్యాసి దగ్గరికి వచ్చింది. "తప్పులుంటే దిద్దుకొని సదూకోండి, తిట్టొద్దండి అన్న్యాడు సార్ ఆయన." ఒక్క క్షణం నా వైపు చూసింది. "మా ఆంటీని గూడా తిట్టొద్దండి."

ఆయన తిట్టి ఉంటే బావుండేది. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయాను.

ప్రైజు రాలేదు. చీమల మందు చల్లడానికి మా బల్లను బయటికి మోసుకెళ్లారు. సోషల్ టీచర్ పోస్టు ఇంకెవరికో వెళ్లింది. గేటు దగ్గర నాగవేణి అక్క కళ్లు తుడుచుకుంటూ, "నోరు తెరిసింది టీచరమ్మా, నాకు అదే సాలు," అంది. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగింది. "తప్పు మా పాప మీదికి ఏమిటికి తోసినావు?"

ఇంటికొచ్చి చెబితే రాజేశం నవ్వలేదు. "పోయి ఆ పొల్లకు తప్పైందని చెప్పే," అన్నాడు. మర్నాడు వెళ్లి చెప్పాను. సింధు తలుపు సగం తెరిచి, దాన్నే పట్టుకుని వింది.

"సరే ఆంటీ," అంది. "దిద్దుకోండి."

అందుచేత, ఒమాన్‌లోని సమస్త కరక్ ఫ్లాస్కుల సాక్షిగా, ఘుబ్రా చీమల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చరిత్రలో చక్కెర కలపను. తెలియనిది తెలుసనను. చిన్నపిల్లల నోటికి నా చేయి అడ్డం పెట్టను, నా తప్పు వాళ్ల నెత్తిన పెట్టను. ఇక ఎప్పటికీ, ఎంత చిన్న రాతకైనా, చివర్లో నా పేరు పెట్టుకోను. ఇందులో తప్పులుంటే దిద్దుకుని చదవండి. మధ్యలో ఒకచోట నా పేరు ఎం.ఏ.తో సహా వచ్చేసిందంటారా? మన్నించండి, అది పాత జబ్బు.