ఒక్కో అక్షరానికి ఒక్కో ఉత్తరం

మొన్న మా బడి పత్రికకి పేజీలు అమర్చడానికి కూర్చున్నాను. టెక్కలిలో మా బడికి సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు అని లోకానికి వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఒకటుంటే దాంతోనే నెట్టుకొస్తున్నాం. బొమ్మ చుట్టూ అక్షరాలు ఎలా సర్దాలో మరిచిపోయి, దాని తెలుగు సహాయ పుస్తకం తెరిచాను. పేజీ అంతా చదివినా ఒక్క అచ్చుతప్పు తగల్లేదు. మా చిన్నాన్న గుర్తొచ్చి, పని పక్కకి పోయింది.

చిన్నాన్న పలాసలో ఒక ప్రెస్సులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాడు. శుభలేఖలు, జీడిపప్పు డబ్బాల లేబుళ్లు, మా చర్చి సంఘం పాటల పుస్తకాలు, అన్నీ ఆయన కళ్ల కింద నుంచే పోవాలి. పేజీని చివరి మాట నుంచి మొదటి మాటకి వెనక్కి చదివేవాడు. ముందు నుంచి చదివితే అర్థం మనల్ని లాక్కుపోతుందట, తప్పు కనబడదట. ఆ అలవాటు ముదిరి హోటల్లో మెనూ కూడా కింద నుంచే చదివేవాడు. ఆయనతో టిఫినుకి వెళ్తే మాకు ఇడ్లీ కన్నా ముందు కాఫీ వచ్చేది.

మా ఉద్దానం పల్లెల్లో చాలామందికి అయినట్టే ఆయనకీ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు పలాస వెళ్లి, డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకోవాలి. సూదులు గుచ్చిన ఎడమ చెయ్యి కదపకూడదు. కుడి చెయ్యి ఖాళీ. చెయ్యి ఖాళీగా ఉంటే ఆయనకి తోచదు. దసరా సెలవుల్లో తోడు వెళ్లేది నేనే కాబట్టి, కాలక్షేపానికని ఫోన్లో ఈ సహాయ పుస్తకం తెరిచి ఇచ్చాను. అరగంటలో ఆయన మొహం ఎర్రబడింది.

"ఓలమ్మా, ఇదేటే? ఎవుడు దిద్దేడు దీన్ని? లోకమంతా సూసే పుస్తకాన్ని ఇలగొగ్గేత్తారా?"

దిద్దుబాట్లు ఎలా పంపాలో నేర్పాను. నా తప్పల్లా, దిద్దుబాటుతో పాటు పెట్టే ఉత్తరం ఎలా రాయాలో నేర్పకపోవడం. చిన్నాన్న మా సంఘానికి చాలా ఏళ్లు కార్యదర్శి. మా సంఘంలో ఏ ఉత్తరమైనా, గుడి గోడకి సున్నం అడిగే ఉత్తరమైనా సరే, వందనాలతో మొదలై క్షేమం కోరడంతో ముగియాలి. సాఫ్ట్‌వేర్ వాళ్లకి "అచ్చుతప్పు సవరణ" అని రెండు మాటలు చాలు. ఈయన ఒక్కో అక్షరానికీ ఒక్కో ఉత్తరం రాశాడు. "ప్రియ సహోదరులకు ప్రభువు నామమున వందనములు. ఈ పుటలో ఒక దీర్ఘము జారిపోయినది. దయతో సరిచేయగలరు. మీ ఇంటిల్లిపాది క్షేమము కోరుతూ." అలాంటివి వారంలో ముప్పైకి పైగా వెళ్లాయి. వాళ్లు అన్నిటినీ తిప్పికొట్టారు. అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి గనక ఇది యంత్రం పంపిన చెత్త అని రాసి, ఆయన ఖాతా ఆపేశారు.

నాకు ఒళ్లు మండింది. అయినా గొడవెందుకని, "వందనాలు తీసెయ్ చిన్నాన్నా, ఒప్పుకుంటారు" అన్నాను.

ఆయన దిండు మీంచి తలెత్తాడు. "తియ్యను. ఒకడి తప్పు ఆడికి సూపించీటప్పుడు ముందు వందనం సెప్పాల. నేకపోతే అది తిట్టయిపోద్ది. నాను ముప్పయ్యేళ్లు తప్పులు సూపించేను, ఒక్కడినీ తిట్టనేదు."

ఆ మంచం మీద నుంచే ఒంటి వేలితో వాళ్లకి మెయిలు రాశాడు. పంపేముందు నాకు చదివి వినిపించాడు, ఈసారి మాత్రం పై నుంచి కిందికే. "వందనములు. నేను మనిషిని. వారమునకు మూడు దినములు ఒక యంత్రమునకు కట్టబడి యుందును. అది నా ప్రక్కనే యున్నది. దానికి నెత్తురు వడకట్టుట వచ్చును, తెలుగు రాదు. దిద్దినది నేనే."

అక్కడ తెలుగు పేజీలు చూసే ఆవిడ రెండు రోజులకి జవాబు రాసింది. క్షమించమని, ఖాతా తెరిచి, పంపినవన్నీ పుస్తకంలో కలిపేసుకుంది. ఇకమీదట ఉత్తరం కాస్త చిన్నదిగా ఉంటే బాగుంటుందని మాత్రం మర్యాదగా అడిగింది. చిన్నాన్న ఆవిడకీ వందనాలు చెప్పి, కుదరదని రాశాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఆయన పోయి ఏడాది దాటింది. మొన్న పత్రిక పని మానేసి, ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల జాబితాలో ఆయన పేరు నొక్కి చూశాను. పంపిన దిద్దుబాట్లన్నీ తేదీలతో సహా ఉన్నాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం, మళ్లీ సోమవారం. నాలుగేళ్ల పొడవునా అంతే, అన్నీ సూదులు గుచ్చుకుని పడుకున్న పూటలే. ఆఖరివి ఆయన్ని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్లడానికి ముందు రోజువి, ఏడు. ఆ గంటలన్నీ రోగం తినేస్తోందని ఇంట్లో అందరం ఏడ్చాం, నేనూ ఏడ్చాను. పొరపాటు మాది. రోగం ఆయన ప్రాణం పట్టుకుపోయింది గానీ, ఆ గంటల్లో ఒక్కటి కూడా దాని చేతికి చిక్కలేదు.