యెహెజ్కేలు గారి మెయిల్‌కి నంబరు

నరసాపురం బజారులో సత్యప్రసాద్‌కి పెయింట్ల షాపు. వెనక గదిలో అతని భార్య వెంకటదుర్గ కంప్యూటర్ ముందు కూర్చునేది. జీతం వచ్చే పనేం కాదు. తెరమీది తెలుగును చూపులేనివాళ్ళకు చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటుంది. దాన్ని ఉచితంగా బాగుచేస్తూ ఉండే పాతికమందిలో దుర్గ ఒకతె.

వాళ్ళకు మాట్లాడుకునే చోట్లు రెండు. ఒకటి మెయిలింగ్ లిస్టు. ఒకరు రాస్తే అందరికీ చేరుతుంది. రెండోది బగ్ ట్రాకర్. దొరికిన ప్రతి తప్పుకూ నంబరు వేసి, సరిచేసేదాకా తెరిచి ఉంచే వెబ్ పేజీ. పాతవాళ్ళు లిస్టు వదలరు. కోడ్ రాసేవాళ్ళు ట్రాకర్ తప్ప చూడరు. ఇక్కడి కబురు అక్కడికి ఎవరైనా గుర్తుపెట్టుకుని మోయాల్సిందే.

రాజమండ్రిలో యెహెజ్కేలు గారని చూపులేని సంగీతం మాస్టారు. ప్రోగ్రాము అంకెల మధ్య చుక్కను మింగేస్తోందని ఆయన లిస్టుకు రాశారు. తొమ్మిదిమంది రెండు వారాలు చర్చించి, తప్పు ఎక్కడుందో పట్టుకున్నారు కూడా. “ట్రాకర్‌లో నేను ఎక్కిస్తానండి” అని రాసింది దుర్గే. ఇంతలో అత్తగారి కంటి ఆపరేషను వచ్చింది. మరిచిపోయింది. కొత్త వెర్షను అదే తప్పుతో బయటికొచ్చింది.

నెల తిరక్కుండా మాస్టారు ఫోన్ చేశారు.

“అమ్మా, మా మనవరాలికి జ్వరమండి. డాక్టరు గారు రెండున్నర మిల్లీ మందు పొయ్యమని మెసేజ్ పెడితే, ఇది ఇరవై ఐదని చదివింది.”

దుర్గ కంగారుగా అడిగింది. “పోసేశారాండీ?”

“ఇంత పిల్లకి అంత మందేంటండీ అని మా ఆవిడ సీసా లాక్కుంది. ఏం కాలేదులెండి. మీరు ఎక్కిస్తానన్నారు కదాని అడుగుతున్నాను.”

ఆయన కోప్పడి ఉంటే బాగుండుననిపించింది. వెంటనే ఆ తప్పును ఎక్కించేయొచ్చు. కానీ రేపు ఇంకెవరో మరిచిపోతే? లిస్టులో పడ్డ మాట దానంతటదే ట్రాకర్‌కీ, ట్రాకర్‌లోది లిస్టుకీ వెళ్ళాలి. లిస్టు చూసుకునే తణుకు చంద్రరావు గారిని అడిగింది.

“అక్కడి రొదంతా ఇక్కడ పోస్తే పెద్దవాళ్ళు వెళ్ళిపోతారమ్మా. సరే, ఒక్క వారం చూద్దాం” అన్నారాయన.

రెండింటి మధ్యా కబుర్లు మోసే వంతెనలాంటి చిన్న ప్రోగ్రాము రాసి, శనివారం పదకొండింటికి దాన్ని నడిపించింది. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత మెయిళ్ళు వచ్చిపడుతూ దుర్గ ఫోన్ ఆగకుండా మోగసాగింది. సభ్యుల్లో ఒకాయన ఊరెళ్తూ, ‘సెలవులో ఉన్నాను’ అనే జవాబు దానంతటదే వెళ్ళేలా పెట్టుకున్నారు. ఆ జవాబు ట్రాకర్‌కెక్కింది, ట్రాకర్ లిస్టుకు చెప్పింది, దానికి మళ్ళీ సెలవు జవాబు. ఒకదాని తోక ఒకటి పట్టుకుని తిరుగుతున్నాయి. దుర్గ వంతెనను ఆపబోయింది. పాస్‌వర్డు రెండుసార్లు తప్పింది. ఆపేసరికి నాలుగు వందల ముప్పై మెయిళ్ళు.

“ఏంటమ్మా ఇది? ముగ్గురు లిస్టు వదిలేశారు!” చంద్రరావు గారు ఫోన్‌లో మండిపడ్డారు.

“తప్పు నాదేనండి. వెళ్ళిన ప్రతి మెయిల్‌కీ గుర్తు పెడతాను. గుర్తున్నది మళ్ళీ దాటదు. సెలవు జవాబుల్ని గుమ్మంలోనే ఆపేస్తాను.”

“మళ్ళీ ఇలాగే అయితే?”

“నన్ను తీసేయండి.”

అన్నదే గానీ, మానేద్దామనే ఉంది లోపల. అన్ని మెయిళ్ళూ మాస్టారి చెవిలో మోగి ఉంటాయని గుర్తొచ్చి ఆయనకు ఫోన్ చేసింది.

“ఫోన్ వాగుతూనే ఉందమ్మా, నోరు మూయించాను” అన్నారాయన నవ్వుతూ. “మానెయ్యకండి. ఆ ట్రాకర్ పేజీ నా ఫోన్‌కి చదవడం రాదు. నాకున్న దారి మెయిలొక్కటే.”

సోమవారం మళ్ళీ నడిపించింది. కుర్చీలో కూర్చోలేక నిలబడే చూసింది. ఒక మెయిల్. కాసేపటికి ఇంకొకటి. అంతే. దుర్గ వంతెన మీదుగా పంపిన మాస్టారి పాత మెయిల్‌కి ఆరు వందల పద్నాలుగో నంబరు పడింది, కింద తొమ్మిదిమంది చర్చ మొత్తం. లిస్టు మొహం ఎన్నడూ చూడని భీమవరం ప్రవీణ్ అది చదివి, సాయంత్రానికి చుక్కను చదివించాడు. మాస్టారు పరీక్షించి మెయిల్‌లోనే జవాబిచ్చారు: “ఆయ్, రెండున్నర అంది.” ఆ మాట ట్రాకర్‌లోనూ కనబడింది.

వెళ్ళిపోయినవాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చారు. మూడో ఆయన లిస్టులో మొదటి రోజు నుంచీ ఉన్న మనిషి. దుర్గ క్షమించమని రెండుసార్లు రాసింది. జవాబు లేదు.