మూడో బేసు నుంచి నడిచి వచ్చిన సెక్షన్ హెడ్డు

1997 మార్చి 9, ఆదివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు, మహదేవపురలోని మా యంత్రభాగాల ఫ్యాక్టరీ వెనుక ఖాళీ స్థలంలో నేను బేస్‌బాల్ అంపైరునయ్యాను. ఆ ఆట నాకు రాదు. నియమాల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కావడం చేత, తనిఖీ విభాగం మనిషినని తెలిసి కూడా స్టోర్స్ విభాగం అభ్యంతరం చెప్పలేదు.

పందెం క్యాంటీన్‌ది. మధ్యాహ్న భోజనంలో మొదటి విడత ఏళ్లుగా మా తనిఖీ విభాగానిదే. రెండో విడతకు వెళ్లే స్టోర్స్ వాళ్లకు కూర అయిపోయి చారు మిగిలేది. ఈ తగవుతో విసిగిన కొత్త మేనేజరు, తాను విదేశంలో చూసి వచ్చిన ఆటతో తేల్చుకోమన్నాడు. స్టోర్స్ గెలిస్తే ఆ ఏడాది ఆఖరు దాకా మొదటి విడత వాళ్లది; పరుగులు సమానమైతే పాత పద్ధతే.

ఆటకు ముందు పావుగంట బోధించాను. నాలుగు బేసులూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతిని కొట్టినవాడు మొదటి బేసుకు పరుగెత్తి తీరాలి. ఒక బేసులో ఇద్దరికి చోటు లేదు గనుక అక్కడున్నవాడు రెండోదానికి పోక తప్పదు. వాళ్ల కంటే ముందు బంతి బేసుకు చేరితే అవుట్. అందరూ తలలూపారు. మూడో ఇన్నింగ్స్‌లో మావాడొకడు బంతిని నేల మీదుగా కొట్టగానే, మొదటి బేసులో ఉన్న మా టైపిస్టు క్రికెట్ అలవాటు కొద్దీ అరచెయ్యి చూపి వద్దన్నాడు. కొట్టినవాడూ బుద్ధిగా వెనక్కి తిరిగాడు. స్టోర్స్ వాళ్లు తొందరేమీ లేకుండా బంతిని రెండో బేసుకు, అక్కడి నుంచి మొదటిదానికి విసిరారు. ఇద్దరూ అవుట్.

“ముందు నుంచి ఉండింది నేను కదా సార్, నేనెందుకు ఖాళీ చెయ్యాల?” అని టైపిస్టు నిలదీశాడు.

“ఓనరు కొడుక్కి పెళ్లయితే, పై వాటాలో బాడిగకుండేవాడు ఏం చేస్తాడప్పా?” అన్నాను.

అతడు గడిచిన ఏడాదిలోనే రెండిళ్లు మారినవాడు. వెళ్లి నీడలో కూర్చున్నాడు.

పదకొండు గంటల ఐదు నిమిషాలు, చివరి ఇన్నింగ్స్. స్టోర్స్ పన్నెండు, మేము పదకొండు. మాలో ఇద్దరు అవుటయ్యారు. మొదటి బేసులో ఒకడు, మూడోదానిలో మా సెక్షన్ హెడ్డు, రెండోది ఖాళీ. స్టోర్స్ బౌలరు నాలుగు బంతులు గురి తప్పి వేశాడు. అటువంటప్పుడు కొట్టేవాడికి మొదటి బేసు ఉచితం. అక్కడివాడు అతడికి చోటివ్వాలి గనుక రెండోదానికి జరిగాడు. అంతటితో సరి. మూడో బేసు మనిషిని వెనుక నుంచి నెట్టేవారెవరూ లేరు. అతడికేమీ రాదు, కదిలితే తన పూచీ మీద కదలాలి.

సెక్షన్ హెడ్డు మాత్రం ఉచితమంటే అందరికీ అనుకుని, చేతులూపుకుంటూ నడిచి వచ్చాడు. చివరి బేసుకు రెండడుగుల ఇవతల ఆగి, పరుగులు సమమయ్యాయనుకున్న మా వాళ్ల చప్పట్లు స్వీకరించాడు. బంతి పట్టడానికి అక్కడ కూర్చున్న స్టోర్స్ కీపరు మర్యాదస్థుడు. లేచి, బంతి ఉన్న చేతితోనే అతడి భుజం తట్టి అభినందించాడు.

బేసు మీద లేనివాణ్ణి బంతితో తాకితే అవుటే గనుక, ఆ తట్టుతో సెక్షన్ హెడ్డు అవుట్. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

నా ముఖం చూసి సెక్షన్ హెడ్డు దగ్గరికి వచ్చాడు. చెవిలో చెప్పాను. ఆయన చిరునవ్వు చెదరనివ్వలేదు. “ఆ పుస్తకం చదివింది నువ్వొక్కడివే ఉండావు కదప్పా. మూసి పెట్టు.”

పదకొండేళ్లుగా అర మిల్లీమీటరు తేడాకు స్టోర్స్ వాళ్ల సరుకును తిప్పి పంపినవాణ్ణి. రెండడుగులను ఎలా వదలను? నిమిషమున్నర ఆలోచించి, ఆ కంగారులో క్రికెట్ అంపైరులాగా చూపుడు వేలెత్తాను.

“నీ కూర కూడా పోయె కదప్పా,” అన్నాడు సెక్షన్ హెడ్డు.

పోయినవి: డిసెంబరు 31 దాకా, అంటే తొమ్మిది నెలల ఇరవై రెండు రోజులు, మొదటి విడత, అందులో కూర దొరకని మధ్యాహ్నాలు నూట ముప్పై ఎనిమిది, సెక్షన్ హెడ్డు పలకరింపు, పదకొండు రోజులు. మిగిలినవి: నియమాల పుస్తకం, ఆ రోజు గొడవలో చిరిగిన వెనుక అట్ట లేకుండా, స్టోర్స్ కీపరు నా కోసమని గిన్నెలో దాచి ఉంచిన కూర, పదిహేడు సార్లు. రెండు సార్లు ఉప్పు ఎక్కువైంది.